కొడితే పలికే రాయి

ఎక్కడానికి ఏ రాయి ఇష్టం అని అడిగితే నేను ఇరవై ఏళ్ళుగా ఒకటే జవాబు చెబుతున్నాను. మా ఊరి గుండు. కరీంనగర్ వైపు పుట్టినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. పుస్తకాల్లో దాన్ని గ్రానైటు అని రాస్తారు. మాకు ఒక్కటే నిలబడి ఉంటే గుండు, నేల మీద పరుచుకుని ఉంటే పరుపుబండ, అన్నీ కలిసి పైకి లేస్తే గుట్ట. ముంబై పక్కన భివండీలో నాతో కలిసి ఎక్కే మరాఠీవాళ్ళు ఈ జవాబు విని నవ్వేవారు. ఊరి మీద బెంగ అనుకునేవారు. నేనూ అట్లాగే అనుకోనిచ్చాను. జవాబు నిజమే, దానికి నేను చెప్పిన కారణాలు మాత్రం సగమే నిజం.

మాకు భూమి లేదు. అమ్మానాయనలు ఒకరి చేన్లో పనికి పోతే నేను మేకల వెనక గుట్ట మీదికి పోయేవాణ్ణి. మేక ఎక్కిన చోటికి నేనెందుకు ఎక్కలేనన్నదే అప్పటి నా పంతం. గుండుకు పట్టుకోవడానికి ఏమీ ఉండదు, చాలా చోట్ల గోరు దూరే సందు కూడా ఉండదు. కాని దాని ఒళ్ళంతా గరుకు. వట్టి పాదాన్ని పూర్తిగా ఆనించి, మడమ కిందికి దించి, బరువంతా కాళ్ళ మీద వేస్తే నిలబెడుతుంది. భయపడి రాతికి కరుచుకుంటే జారతాం. ధైర్యం చేసి ఒంటిని రాతికి దూరంగా పెడితే జారం. ఇంత చిన్న సంగతి అర్థం కావడానికి నా రెండు మోకాళ్ళ తోలు పోయింది. రెండు గుండ్ల మధ్య నెర్రె ఉంటే పిడికిలి లోపలికి దూర్చి బిగించేవాణ్ణి. బయటికి తీస్తే చేతి వెనక తోలు ఉండేది కాదు. అమ్మ పసుపు పెడుతూ తిట్టేది, తిట్టడం అయిపోయాక సీతాఫలాలేమైనా తెచ్చావా అని అడిగేది.

గుండులో నాకు నచ్చే గుణం అది ఊడి రాకపోవడం. జారితే తప్పు నీది. కాలు సరిగా పెట్టలేదు, లేదా తొందరపడ్డావు, లేదా తడి చూసుకోలేదు. రాయి ఉన్నచోటే ఉంటుంది.

ఇతర రాళ్ళను కూడా తిట్టడానికి సరిపోయేంత చూశాను. కొంకణంలో జాంభా అని ఒక ఎర్రరాయి ఉంటుంది, అక్కడ ఇళ్ళు కట్టుకునేది దానితోనే. ఇల్లు కట్టుకోవడానికి మంచిదే గాని ఎక్కడానికి కాదు. పట్టుకున్నచోటల్లా ఇటుక పొడిలా రాలుతుంది, రాలనిచోట వేళ్ళు చీరుతుంది. దాన్ని ఎక్కేవాడికి బుద్ధి లేదని నేను అంటుంటాను. నేను రెండుసార్లు ఎక్కాను. ఠాణేలో ఒక హాలు లోపల కట్టిన గోడ ఉంది, దానికి రంగురంగుల ప్లాస్టిక్ ముద్దలు బిగించి ఉంటాయి. మా అమ్మాయి బలవంతం చేసి తీసుకుపోయింది. బయట వాన పడుతుంటే లోపల ఎక్కొచ్చు, పడితే కింద పరుపులున్నాయి. ఒళ్ళు వంచడానికి బాగుంది. కాని అక్కడ ఏ ముద్దనూ అనుమానించే పని లేదు, అందుకని గంటలోనే నాకు విసుగొచ్చింది.

ఇక ఇక్కడి నల్లరాయి. సహ్యాద్రి అంతా అదే. ఎప్పుడో భూమి లోపలి నిప్పు పొంగి, పారి, గడ్డకట్టి, దాని మీద మళ్ళీ పారి, అట్లా దొంతరలు దొంతరలుగా పేరుకున్న రాయి. దొంతరకూ దొంతరకూ మధ్య ఎర్రమట్టి పొర ఉంటుంది, అక్కడ చెయ్యి పెడితే చెయ్యే మిగులుతుంది, మట్టి మిగలదు. కొన్నిచోట్ల రాయి ఇనుములా గట్టిది. కొన్నిచోట్ల బుడగలు బుడగలుగా చిల్లులు పడి, ఆ చిల్లుల్లో పటికబెల్లం ముక్కల్లాంటి తెల్లని పలుకులు మెరుస్తుంటాయి. గుండు ఇవ్వనిదంతా ఈ రాయి ఇస్తుంది. మెట్టు, అర, పిడి, కూర్చోడానికి గట్టు. చూస్తే నిచ్చెన వేసి పెట్టినట్టే ఉంటుంది. వచ్చిన చిక్కల్లా ఆ మెట్లలో ఏది గోడదో, ఏది ఊరికే గోడకు ఆని కూర్చుందో పైకి తెలియదు. నాలుగు నెలల వాన ప్రతి ఏడూ ఏదో ఒకదాన్ని వదులు చేసి పోతుంది.

ఈ రాయి నాకు నేర్పిన మనిషి ఒక బడిపంతులు. అందరూ ఆయన్ను కాకా అనేవారు, నేనూ అదే అనేవాణ్ణి. నేను పదహారేళ్ళకు భివండీ వచ్చి, శాంతి నగర్‌లో ఒక కార్ఖానాలో పదేళ్ళు సాంచాలు నడిపి, టెంఘర్‌లో గది తీసుకున్న కాలం అది. కరెంటు మగ్గాన్ని మావాళ్ళు మగ్గం అనరు, సాంచా అంటారు. వారం సెలవునాడు మావాళ్ళు నిద్రపోతే నేను ఊరి బయట పాడుబడ్డ రాళ్ళ క్వారీకి, ఇక్కడి మాటలో ఖదాన్‌కు పోయి ఎక్కేవాణ్ణి. ఒకనాడు కాకా తనతో కొండలెక్కేవాళ్ళను వెంటేసుకుని తాళ్ళతో అక్కడికి వచ్చాడు. నేను పన్నెండడుగుల ఎత్తున, తాడు లేకుండా, వట్టి కాళ్ళతో ఉన్నాను. కింద నిలబడి చాలాసేపు చూసి, "చప్పల్ కహాఁ హై తేరా?" అని నా చెప్పుల సంగతి అడిగాడు. నాకు నవ్వొచ్చింది, నవ్వితే పడతానని దిగి వచ్చి నవ్వాను.

ఆ రోజే మొదటి పాఠం చెప్పాడు. "ఇధర్ కా పత్థర్ పహలే పూఛ్‌నే కా, ఫిర్ పకడ్‌నే కా." అంటే ఇక్కడి రాయిని ముందు అడగాలి, తర్వాతే పట్టుకోవాలి. అడగడమంటే కొట్టి చూడడం. నడుముకు వేలాడే చిన్న సుత్తె తీసి ఒక మెట్టును కొట్టాడు. పక్కన ఇంకో మెట్టును కొట్టాడు. మొదటిది గోడతో కలిసి ఉంది కాబట్టి ఖణ్ అంటుందట. రెండోది లోపల విడిపోయి ఉంది కాబట్టి బోలుగా, మూత పెట్టిన డబ్బాను తట్టినట్టు అంటుందట. "సమజ్‌లా?" అన్నాడు, అర్థమైందా అని. నాకు రెండూ ఒక్కలాగే వినబడ్డాయి, టప్, టప్ అని. నేను తల ఊపాను.

ఎందుకు ఊపావని అడిగితే కార్ఖానా సంగతి చెప్పాలి. ఒక్క రేకుల షెడ్డు కింద ఇరవై నాలుగు సాంచాలు ఒకేసారి నడుస్తుంటాయి. ప్రతిదానిలో పోగును మోసే నాడె అటూ ఇటూ దెబ్బ కొడుతుంటుంది. ఆ చప్పుడులో మనిషి గొంతు మనిషికి చేరదు. మేం చేతులతో, పెదవులతో మాట్లాడుకుంటాం. పోగు తెగితే రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తాం. చాయ్‌కి పోదామంటే బొటనవేలు పెదవికి ఆనిస్తాం. సేట్ వస్తున్నాడంటే లేని మీసం దువ్వుతాం. కొత్తగా పనిలో చేరినవాడు అన్నింటికన్నా ముందు నేర్చుకునేది తల ఊపడం. మేస్త్రి వచ్చి చెవిలో నోరు పెట్టి ఏదో అరుస్తాడు. వినబడితే సరే, వినబడకపోయినా తల ఊపాలి, తర్వాత పక్కవాడు చేసేది చూసి చెయ్యాలి. ఏమన్నావని రెండోసారి అడిగినవాణ్ణి మందబుద్ధి కింద లెక్కేస్తారు. పదేళ్ళలో నాకు తల ఊపడం రెప్ప వేసినంత సులువైంది. ఇప్పటికీ ఎవరైనా నా ముందు పెదవులు కదిలిస్తే నా తల దానంతట అదే కిందికీ మీదికీ ఆడుతుంది.

చెవులు పోయాయని మా గల్లీల్లో ఎవరూ అనరు. అందరివీ అంతో ఇంతో పోయే ఉంటాయి కాబట్టి ఎవరికీ తెలియదు. గట్టిగా మాట్లాడుకుంటాం. గైబీ నగర్‌లో మావాళ్ళ గదుల ముందు నుంచి పోతే కొత్తవాళ్ళు లోపల కొట్లాట జరుగుతోందని ఆగి చూస్తారు. లోపల మొగుడూ పెళ్ళాం కూరలో ఉప్పు గురించి మాట్లాడుకుంటుంటారు. చెవుడు ముసలివాళ్ళ సంగతనీ, నేను ముసలివాణ్ణి కాదు కాబట్టి నాకు లేదనీ అప్పట్లో నా లెక్క.

తర్వాత నేనే మేస్త్రినయ్యాను. సాంచా చెడితే బాగుచేసేది నేను. కొత్తవాళ్ళు చెవితో విని లోపం చెప్పాలని చూస్తారు. నేను చట్రం మీద అరచెయ్యి ఆనించి చెప్పేస్తాను, ఎక్కడ వదులైందో, ఏది అరిగిందో. ఈ విద్య మీద నాకు గర్వం ఎక్కువ. ఇదే రాయికీ పనికొస్తుందనుకున్నాను. ఒక చేత్తో సుత్తె కొట్టి రెండో అరచేతిని రాతి మీద పెట్టేవాణ్ణి. చుట్టూ నెర్రె ఉందా, వెనక మట్టి ఉందా, గడ్డి వేళ్ళు లోపలికి పోయాయా అని కళ్ళతో చూసేవాణ్ణి. చాలాసార్లు సరిపోయింది. చాలాసార్లు సరిపోవడమే నన్ను చెడగొట్టింది. సాంచా దానంతట అది ఆడుతుంది కాబట్టి చేతికి చెబుతుంది. రాయి ఆడదు. అది కొడితేనే పలుకుతుంది, ఆ పలుకు చెవి కోసం.

కాకాకు వయసు మీద పడి మోకాళ్ళు అరిగాయి. నేను ముందు పోయేవాణ్ణయ్యాను. ముందు పోయేవాడు తాడు కొస నడుముకు కట్టుకుని ఎక్కుతాడు. కింద ఒకరు ఆ తాడు పట్టుకుని కొంచెం కొంచెం వదులుతుంటారు. పైకి చేరాక అతను తాడును గట్టిగా కట్టి పైనుంచి లాగి పట్టుకుంటే, కిందివాళ్ళు దాని భరోసాతో ఎక్కి వస్తారు. దారిలో ప్రతి మెట్టునూ నేను సుత్తెతో రెండు దెబ్బలు కొట్టి, బాగుంటే "పక్కా" అని కిందికి అరిచేవాణ్ణి. నా పక్కా మీద అందరికీ నమ్మకం. సాంచాల మేస్త్రి కదా, ఇనుము మాట వినే మనిషి, రాయి మాట వినడా అనేవారు.

మా అమ్మాయికి పన్నెండేళ్ళప్పుడు నేనూ వస్తానని మొండికేసింది. తను మరాఠీ బడిలో చదివింది. ఇంట్లో మాతో మా తెలుగే మాట్లాడుతుంది, సగంలో మరాఠీలోకి దూకుతుంది. మా ఆవిడ ఒప్పుకోలేదు.

"నువ్వు పోతే పో. నీ కాళ్ళు, నీ చేతులు, నీ ఇష్టం. నా బిడ్డనెందుకు తోల్కపోతవు?" అంది.

"నేను ముందు పోతగద. దాని చెయ్యి వడే పతి రాయిని నేను ముందుగాల కొట్టి చూస్త. మంచిగున్నదంటెనే ఇది పట్టుకుంటది."

"పతి రాయిని?"

"పతి రాయిని."

"గా మాట మీద తోలుతున్న. యాదుంచుకో" అని, పిల్లకు జడ గట్టిగా అల్లి పంపింది. నేను ఆ మాట ఇచ్చేటప్పుడు నాకు నల్లరాయి మంచిచెడ్డలు చెవికి తెలియవని నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను.

అమ్మాయి నాకన్నా బాగా ఎక్కింది. ఒళ్ళు తేలిక, తొందర లేదు. నల్లరాయి అంటే ప్రాణం. ఒకసారి ఊరికి పోయినప్పుడు మా గుండు దగ్గరికి తీసుకుపోయాను. నాలుగడుగులు ఎక్కి ఆగిపోయింది. "బాపు, తుఝా గుండు బోరింగ్ ఆహే. దీనికి హ్యాండిలే లేదు, ఎట్ల పట్టుకోవాలె?" అంది. పట్టుకోవద్దు, నిలబడు అన్నాను. నిలబడలేక దిగేసి, చెట్టు కింద కూర్చుని ఫోన్ చూసుకుంది. నాకు ఒళ్ళు మండింది గాని, ఆమె తప్పేం లేదు. తను పుట్టింది భివండీలో. ఒక్కో మెట్టునూ పట్టుకుని పైకి పోవడమే తనకు ఎక్కడమంటే.

ఆమెకు ఇరవై నడుస్తున్న జనవరిలో, ఒక సెలవునాడు షహాపూర్ దాటి ఒక నిలువు రాతిగోడకు పోయాం. కాకా కూడా వచ్చాడు, కాని ఎక్కడానికి కాదు. గోడకు బాగా దిగువన, కాలిబాట పక్కన సంచుల దగ్గర కూర్చుని పొయ్యి మీద చాయ్ పెడుతున్నాడు. నేను ముందు బయల్దేరాను. కింద తాడు పట్టింది అమ్మాయి. చలి ఇంకా వదల్లేదు, గాలి లేదు, రాయి చేతికి చల్లగా, పొడిగా, హాయిగా ఉంది. నలభై అడుగుల దగ్గర చిన్న టీవీ పెట్టెంత రాయి ఒకటి గోడలోంచి అరలా ముందుకు వచ్చి ఉంది. సుత్తెతో రెండు దెబ్బలు కొట్టాను. టప్, టప్. అన్నీ నాకు అట్లాగే అంటాయి. చుట్టూ చూశాను. నెర్రె కనిపించలేదు, వెనక కొంచెం పాకుడు ఉంది, ఎండిపోయింది. అరచెయ్యి పెట్టాను. కదల్లేదు. "పక్కా" అని అరిచి దాని మీద చెయ్యి పెట్టి, తర్వాత కాలు పెట్టి, దాటి పైకి పోయాను. నేను నిలబడినప్పుడు బరువు నేరుగా కిందికి పడింది కాబట్టి అది నిలిచింది.

పైన తాడు కట్టి అమ్మాయిని రమ్మన్నాను. ఆమె ఆ అర దగ్గరికి వచ్చి, రెండు చేతులతో దాని ముందు అంచు పట్టుకుని వెనక్కి వాలి తనను పైకి లాక్కుంది. నల్లరాయి మీద ఎక్కేవాళ్ళందరూ అట్లాగే చేస్తారు. రాయి మొత్తం సొరుగు ఊడినట్టు బయటికి వచ్చింది. తాడు ఆమెను ఆపింది. రాయిని ఆపేది ఏమీ లేదు. అది ఆమె ఎడమ భుజాన్ని కొట్టి, కింద మూడుచోట్ల తగిలి, చెట్లలోకి పోయింది. ఆమె అరవలేదు. తాడుకు వేలాడుతూ కుడిచేత్తో ఎడమచేతిని పట్టుకుని నా వైపు చూసింది. తల మీద పడి ఉంటే అన్న ఆలోచన అప్పటి నుంచి ఈ రోజు దాకా నన్ను వదల్లేదు.

మెల్లగా కిందికి దించాను. మెడ కింది ఎముక విరిగింది. కాకా తన కండువాతో చెయ్యి కట్టి, నీళ్ళు తాగించి, నా వైపు తిరిగాడు. కొట్టి చూశావా అని అడిగాడు. చూశానన్నాను. ఎట్లా పలికిందన్నాడు.

ఖణ్ అందని చెప్పాను.

అది వినబడనిదానికి తల ఊపడం కాదు. నోరు తెరిచి ఆడిన అబద్ధం. కాకా దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది, ఏ గోడ ఎట్లాంటిదో కొత్తగా వచ్చేవాళ్ళ కోసం రాసి పెట్టేవాడు. ఈ గోడ మీద గట్టిగా పలికే రాయి కూడా ఊడుతుంది, నమ్మొద్దు అని నా ముందే మరాఠీలో రాశాడు. ఆ రాయి తన నిజం తాను చెప్పే ఉంటుంది. నేను వినలేదు. వినకపోగా దాని మీద నింద వేశాను, ఆ నింద పుస్తకంలోకి ఎక్కింది.

ఇంట్లో మా ఆవిడ ఏడవలేదు. అమ్మాయిని పడుకోబెట్టి వచ్చి గడపలో కూర్చుంది.

"కొట్టి చూసినవా?"

"చూసిన."

"ఏమన్నది?"

"మంచిగనే అన్నది. గీ నల్లరాయి గట్లనే మోసం జేస్తది."

ఆమె లేచి పొయ్యి దగ్గరికి పోయింది. కట్టుకున్న భార్య ముందు అంత సులువుగా అబద్ధం ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. తిట్టి ఉంటే బాగుండేది. చెవుల సంగతి చెబితే అమ్మాయిని ఇంకెన్నడూ పంపదు, నన్నూ పోనివ్వదు. ఆ రెండూ పోతాయన్న భయంతో నోరు మూసుకున్నాను. సిగ్గుగా ఉండేది. అమ్మాయి పట్టీ కట్టుకుని కుడిచేత్తో అన్నం తింటుంటే ఎదురుగా కూర్చోలేక చాయ్ పేరు చెప్పి బయటికి పోయేవాణ్ణి.

ఆ నెలల్లో అమ్మాయి కూడా మాటలు తగ్గించింది. ఫోన్ ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చి మార్చి పెట్టుకునేది. గదిలో ఎవరూ లేరనుకుని గిన్నె అంచు మీద చెంచాతో కొట్టి కూర్చునేది. కాలక్షేపం అనుకున్నాను. చెయ్యి కట్టేసి ఉంటే పిల్ల ఇంకేం చేస్తుంది.

వానాకాలంలో ఎవరికీ చెప్పకుండా ఒక సర్కారు దవాఖానాకు పోయి చెవులు చూపించుకున్నాను. చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు డబ్బాలు పెట్టి, చప్పుడు వినబడినప్పుడల్లా గుండీ నొక్కమన్నారు. అద్దం అవతల ఒకమ్మాయి మిషన్ మీద వేలు ఆడిస్తోంది. ఆమె వేలు కదిలినప్పుడల్లా నేను గుండీ నొక్కాను. అన్నీ సరిగ్గా నొక్కానని లోలోపల సంతోషం కూడా వేసింది. ఆమె లేచి వచ్చి, నా కుర్చీని గోడ వైపు తిప్పి, మళ్ళీ మొదలుపెట్టింది. ఆ తర్వాత చాలాసేపు నేను గుండీ నొక్కలేదు. పరీక్ష ఇంకా మొదలు కాలేదేమో అనుకున్నాను. అయిపోయిందని ఆమె వచ్చి భుజం తట్టింది.

లావు చప్పుళ్ళు ఉన్నాయి, సన్నవి పోయాయి, పోయినవి తిరిగి రావు అని డాక్టరు చెప్పాడు. నేను అడిగితే, ఖణ్ అనేది సన్న చప్పుడేనన్నాడు. అది లేకపోతే గట్టి రాయీ బోలు రాయీ ఒక్కటే. గుండు నాకు ఎందుకంత ఇష్టమో ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు పూర్తిగా ఒప్పుకున్నాను. దాన్ని చెవి లేకుండా ఎక్కొచ్చు. కాలు చాలు. ఇన్నేళ్ళూ గరుకు గురించీ నెర్రెల గురించీ నేను చెప్పిందంతా నిజమే, ఈ ఒక్క మాట దాచడానికి చెప్పాను.

దసరా అయ్యాక అమ్మాయి తాడు బయటికి తీసింది. ఎముక అతుక్కుంది, చెయ్యి బాగా లేస్తోంది. మా ఆవిడ మూడు రోజులు మాట్లాడలేదు, నాలుగోనాడు రొట్టెలు కట్టిచ్చింది. "పతి రాయిని" అని మాత్రం నాతో అంది. మేమిద్దరం పొద్దున్నే ఖదాన్‌కు పోయాం, చిన్న గోడ మీద మొదలుపెడదామని.

అమ్మాయి తాడు కొస నా చేతికి ఇచ్చింది. "నువ్వు ముందుగాల పో బాపు. నువ్వు కొట్టి చూసినంకనే నేనొస్త. నేను కొట్టి చూస్తే నాకు నమ్మకం లేదు."

నేను తాడు కట్టుకోలేదు. సుత్తె తీసి ఆమె చేతిలో పెట్టాను. నువ్వు ముందు పో అన్నాను. ఎందుకంది.

"ఆ రోజు నేను అబద్ధం జెప్పిన బిడ్డా. గా రాయి ఖణ్ అనలే. ఏమన్నదో నాకు వినబడలే. నాకు ఎన్నడు వినబడలే. కాకా నేర్పిన రోజు గూడ వినబడలే. ఊకెనే తలకాయ ఊపిన. దవాఖానల చూపించుకున్న, చెవులు పోయినయన్నరు."

తిడుతుందనుకున్నాను. విరిగిన ఎముక ఆమెది, తిట్టే హక్కు ఆమెకు ఉంది. ఆమె సుత్తె వైపు చూస్తూ నిలబడింది.

"మాలా ఐకూ ఆలం హోతం" అంది, మరాఠీలో. తనకు వినబడిందట. నాకు వినబడలేదనుకుందేమో, నా ఎదురుగా వచ్చి నిలబడి తెలుగులో మళ్ళీ చెప్పింది. "నాకు కింద వినబడ్డది బాపు. బోలుగ అన్నది, రెండుసార్లు. నువ్వు పక్కా అన్నవు. బాపు పక్కా అన్నడంటె పక్కానే, మరి నాకు గట్లెందుకు వినబడ్డదనుకున్న. నా చెవులే ఖరాబైతున్నయనుకున్న. సాంచల పక్కన పుట్టిన కద. తొమ్మిది నెలల సంది గదే అనుకుంటున్న. నువ్వు ఫికర్ వడుతవని చెప్పలే."

తొమ్మిది నెలలు. నా పిల్ల తన మంచి చెవులను అనుమానించుకుంటూ, నా కోసం ఆ భయాన్ని దాచుకుంటూ తిరిగింది. ఆ రాయి భుజం మీద పడ్డందుకన్నా దీనికి నాకు ఎక్కువ ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

"నీ చెవులు మంచిగున్నయ్ బిడ్డా" అన్నాను.

ఆమె గోడ దగ్గరికి పోయి, చేతికందే ఎత్తులో ఒక మెట్టును సుత్తెతో కొట్టి, తల వంచి విన్నది. పక్కదాన్ని కొట్టింది. మళ్ళీ మొదటిదాన్ని కొట్టింది. ఎక్కడం సంగతి మరిచిపోయి చాలాసేపు అట్లాగే ఒక్కో రాయినీ కొట్టి వింటూ గోడ పొడవునా నడిచింది.